బావగారి మ్యాపు పట్టుకుని సముద్రం నుంచి సముద్రానికి

బావగారి సైకిల్ సంచిలో ఒక మ్యాపు దొరికింది. ఇంగ్లండ్ పడమటి తీరంలో వైట్‌హేవెన్ నుంచి తూర్పు తీరంలో సండర్‌లాండ్ దాకా సాగే సీ టు సీ సైకిల్ దారి అది. సుమారు 225 కిలోమీటర్లు. 1994లో సస్ట్రాన్స్ సంస్థ తెరిచింది. ఆయన ఈ దారిలో మూడుసార్లు వెళ్లారు, మూడుసార్లూ హాస్పిస్‌కి, అంటే చివరి దశలో ఉన్న రోగులను చూసుకునే సంస్థకి, డబ్బు పోగుచేయడానికే. చివరిసారి 2017లో. ఆగిన ప్రతి ఊరి పక్కనా చిన్న అక్షరాలతో రాసుకున్నారు: 'పిల్లలతో రావాలి' అనో, 'పిల్లలకు వద్దు' అనో.

నిరుడు నవంబరులో గుండెపోటుతో పోయారు. ఈ జూన్‌లో మేం బయల్దేరాం. నేనూ, మేనల్లుడూ, ఆదివారాలు బావగారితో సైకిల్ తొక్కే స్నేహితుడొకాయనా. మేనల్లుడు వాళ్ల నాన్న సైకిలే తీసుకున్నాడు. అక్కా, మేనకోడలూ కారులో వచ్చి కెజిక్‌లో కలవాలి.

వైట్‌హేవెన్‌కి ట్రైన్‌లో వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ తీరం వెంట నడిచే చిన్న ట్రైన్లలో రెండు సైకిళ్లకే చోటు. మేం ముగ్గురం. ఆ స్నేహితుడు వెనక ట్రైన్‌లో వస్తానని ఆగిపోయారు. ముందే ఆలోచించి ఉంటే ఒకరం పొద్దున్నే బయల్దేరేవాళ్లం. దిగిన చోట బస మాత్రం బాగుంది. గది ఇరుకే, కానీ సైకిళ్లకు తాళం వేసే షెడ్డు, బురద కడుక్కోవడానికి పైపు ఉన్నాయి. సైకిల్ మీద వెళ్లేవాడికి మంచం కంటే అవే ముఖ్యం.

మర్నాడు పొద్దున ఆనవాయితీ ప్రకారం వెనక చక్రాన్ని ఐరిష్ సముద్రంలో తడిపి కదిలాం. ఎక్కువమంది పడమటి నుంచి తూర్పుకే వెళ్తారు, గాలి వీపున ఉంటుందని. ఆ రోజుకి సామాను వ్యాన్ సర్వీసుకి అప్పగించాం. విన్‌లాటర్ కనుమ ఎక్కుతున్నప్పుడు ఆ ఖర్చు ఎంత మంచిదో తెలిసింది. సాయంత్రం కెజిక్ చేరేసరికి బ్యాగులు మాకంటే ముందే వచ్చి ఉన్నాయి.

కెజిక్ పక్కన 'పిల్లలతో రావాలి' అని రాసి, కింద రెండు గీతలు గీశారు బావగారు. దాని పక్కనే ఇంకో మాట: 'వంతెనలు పోయాయి, రోడ్డే గతి.' 2015 డిసెంబరులో డెస్మండ్ తుఫాను కెజిక్, థ్రెల్‌కెల్డ్ మధ్య పాత రైలు కట్ట మీది దారిని తెంపేసింది. 2020 డిసెంబరులో మళ్లీ తెరిచారు. అది ఆయన చూడలేదు. ఊళ్లో మేనకోడలికి అద్దె సైకిల్ తీసుకుని ఆ ఐదు కిలోమీటర్లూ అందరం కలిసి వెళ్లాం. కింద గ్రేటా నది, ఒకచోట సొరంగం, కొత్త వంతెనలు, పెద్దగా ఎత్తుపల్లాలు లేని దారి. అక్క వెనకాల నడిచి వచ్చింది. ప్రతి వంతెన మీదా ఆగి నీళ్లను చూసింది. మేమూ తొందరపెట్టలేదు. చిన్నపిల్లలున్న కుటుంబాలు మొత్తం దారి చేయక్కర్లేదు, ఈ ముక్క ఒక్కటి చేసినా చాలు.

పెన్రిత్, లాంగ్వత్‌బీ దాటాక హార్ట్‌సైడ్. 580 మీటర్ల ఎత్తు. మేనల్లుడు ఒక్కసారి కూడా దిగలేదు, నేను రెండుసార్లు దిగి నడిపించాను. మ్యాపులో అక్కడ 'టీ, ఇంటికి ఫోన్' అని ఉంది. 2018లో అగ్నిప్రమాదంలో అక్కడి కేఫ్ కాలిపోయింది. మాకు టీ అక్కడ దొరకలేదు, నీళ్లూ తినేవీ కిందనుంచే తెచ్చుకోవాలి. వాడు మాత్రం రాతిగోడ వారన నిలబడి వాళ్లమ్మకి ఫోన్ చేశాడు. "అమ్మా, పైకి వచ్చేశాం" అన్నాడు. బావగారు వెళ్లిన ప్రతిసారీ సరిగ్గా ఈ మాట కోసమే అక్క ఎదురుచూసేది. అవతల కాసేపు మాట రాలేదు.

ఆ రాత్రి ఆగిన చోటే నచ్చలేదు. సైకిళ్లకు షెడ్డు ఉందని ఫోన్‌లో చెప్పి, తీరా వెళ్లాక పెరట్లో గోడకు ఆనించుకోమన్నారు. రాత్రంతా వాన. బావగారి సైకిల్ తడుస్తోందని మేనల్లుడికి నిద్ర పట్టలేదు, చివరికి తెచ్చి గదిలోనే పెట్టుకున్నాడు. బుక్ చేసేటప్పుడు షెడ్డుకి తాళం ఉందా, పైకప్పు ఉందా అని విడిగా అడగండి.

తర్వాత బ్లాక్ హిల్, 609 మీటర్లు, ఈ దారిలో అన్నిటికంటే ఎత్తు. ఎదురుగాలి. స్టాన్‌హోప్ తర్వాత క్రాలీసైడ్ ఎక్కుడు ఇంకా నిటారు. అది దాటితే వాస్కర్లీ వే, 1834 నాటి రైలు కట్ట. కాన్సెట్ దాకా చాలావరకు పల్లమే.

మేమూ ఈసారి హాస్పిస్ కోసమే తొక్కాం. హాస్పిస్‌ల ఖర్చులో ఎక్కువ భాగం విరాళాలతోనే గడుస్తుంది. బ్రిటన్‌లో పన్ను కట్టేవాళ్లు విరాళం ఇచ్చేటప్పుడు గిఫ్ట్ ఎయిడ్ అని టిక్ పెడితే ప్రతి పౌండుకీ ప్రభుత్వం 25 పెన్నీలు కలుపుతుంది. చాలామంది మర్చిపోతారు. బావగారు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి గుర్తుచేసేవారు, ఈసారి ఆ పని మేనకోడలు చేసింది.

సండర్‌లాండ్‌లో రోకర్ బీచ్ దగ్గర అక్క నిలబడి ఉంది. మేనల్లుడు ముందు చక్రాన్ని ఉత్తర సముద్రంలో దించి, చాలాసేపు హ్యాండిల్ వదల్లేదు. అక్క వాడి పక్కన వెళ్లి నిలబడింది. వచ్చే జూన్‌కి కెజిక్‌లో అవే గదులు కావాలని అప్పటికే చెప్పి వచ్చిందట.