నాన్న, ట్రక్కు, రూట్ 66 బోర్డు
నాన్నకి 71. మతిమరుపు వస్తుందేమోనని ఆయనకంటే నాకే టెన్షన్, అందుకే మెదడుకి కసరత్తు ఆటలిచ్చే బ్రెయిన్‌హెచ్‌క్యూ యాప్‌లో డబుల్ డెసిషన్ అనే ఆట మొదలుపెట్టించాను. తెర మధ్యలో కారో ట్రక్కో రెప్పపాటులో మెరిసి మాయమవుతుంది, అదే క్షణంలో అంచుల్లో ఎక్కడో రూట్ 66 అనే అమెరికా రోడ్డు బోర్డు, రెండూ పట్టుకోవాలి. సరిగ్గా చెప్పేకొద్దీ వేగం పెరుగుతుంది. ఫోన్‌లో మాత్రం వద్దు, రెండ్రోజులు కుస్తీ పట్టి టాబ్‌కి మారాం. "నువ్వు మాట్లాడించావు, బోర్డు పోయిందిరా" అని నామీద విసుక్కుంటూనే అరగంట కుర్చీలోంచి కదలరు!

ఇది ఉత్త కాలక్షేపం కాదు. అమెరికాలో 65 దాటిన 2,802 మందితో చేసిన యాక్టివ్ అనే అధ్యయనంలో జ్ఞాపకశక్తి, తర్కం, వేగం శిక్షణలను విడివిడిగా పరీక్షించారు. ఈ ఆటకి మూలం ఆ వేగం శిక్షణే. పదేళ్ల తర్వాత చూస్తే వేగం శిక్షణ తీసుకున్నవాళ్లలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముప్పు ఏ శిక్షణా తీసుకోనివాళ్లకంటే 29 శాతం తక్కువని 2017లో ప్రకటించారు. అలాగని మందులా నమ్మేయకండి, డిమెన్షియాని లెక్కగట్టిన తీరు మీద విమర్శలూ ఉన్నాయి.

మూడు నెలలైంది. ఆటలో స్కోరు బాగా పెరిగింది, బండి తాళాలు మాత్రం ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉన్నారు. చందా కట్టేముందు ఉచితంగా ఇచ్చేవి ఆడించి చూడండి, కళ్లజోడు పవర్ కూడా ఓసారి చెక్ చేయించండి.