నడుం విరిపించుకోవడం, నేలమీద కసరత్తు, అలిపిరి మెట్లు: చాలాకాలం వాడాక ఏది ఎంత

చేతులతో వెన్నుపూసలను నొక్కి, విరిచి సర్దే కైరోప్రాక్టిక్ సిట్టింగులకు 5కి 3. నేలమీద చేసే మూడు వ్యాయామాలకు 4.5, విసుగు పుట్టిస్తాయి కాబట్టి అర మార్కు కోత. నడుం బెల్టుకు 1. కూర్చుని లేచేసరికి నడుం పట్టేసేవాళ్ళను, మెట్లు దిగేటప్పుడు మోకాలిచిప్ప నొప్పి పెట్టేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని వేసిన మార్కులివి. పాదం ఈడుస్తున్నా, తొడల మధ్య తిమ్మిరి ఎక్కినా, మూత్రం ఆగిపోయినా, జ్వరంతో పాటు వెన్ను నొప్పి ఉన్నా ఈ సమీక్ష పక్కన పెట్టి అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. తిరుపతిలో రుయా, స్విమ్స్, ఎముకలకు ప్రత్యేకంగా బర్డ్ ఉన్నాయి.

వీడియోలు చూసి, 'టప్' మనే ఆ చప్పుడు కోసమే సిట్టింగుకు వెళ్ళేవాళ్ళు చాలామంది. ఆ చప్పుడు తప్పిపోయిన ఎముక మళ్ళీ చోటుకు వచ్చినందువల్ల వచ్చేది కాదు. కీలు రెండు ముఖాలూ ఒక్కసారిగా ఎడమైతే లోపలి జిగురు ద్రవంలో ఒత్తిడి పడిపోయి గాలి బుడగ ఏర్పడుతుంది, చప్పుడు దానిది. ఒకసారి పలికిన కీలు సుమారు 20 నిమిషాల దాకా మళ్ళీ పలకదు. చప్పుడు రాకపోయినా నడుం తేలికపడుతుంది, వచ్చినా కొన్నిసార్లు ఏమీ మారదు. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో ఈ వైద్యం మొదలుపెట్టిన డి.డి. పామర్, పక్కకు జరిగిన పూసలే దాదాపు అన్ని జబ్బులకూ మూలమన్నాడు. షుగరుకూ ఉబ్బసానికీ కూడా వెన్ను సర్దుతామనే మనిషి ఎదురైతే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

మంచి చోట మొదటి రోజు సగం సమయం ప్రశ్నలకూ పరీక్షకే పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తి చూస్తారు, బొటనవేలు పైకి లాగమంటారు, సుత్తితో మోకాలి కింద కొడతారు. ఎముకలు గుల్లబారాయా, స్టెరాయిడ్లు గానీ రక్తం పలచబడే మాత్రలు గానీ వాడుతున్నారా అని అడుగుతారు. ఇవేమీ అడగకుండా బల్లమీదికి ఎక్కమంటే ఎక్కొద్దు. మన దేశంలో కైరోప్రాక్టర్లకు విడిగా చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు, అందుకని ఎక్కడ, ఎన్నేళ్ళు చదివారో నేరుగా అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఫిజియోథెరపీ డిగ్రీ కూడా ఉన్నవాళ్ళయితే నాకు ఇంకాస్త నమ్మకం. పదీ పన్నెండు సిట్టింగులకు ముందే డబ్బు కట్టించుకునే ప్యాకేజీ వద్దు. నాలుగైదు సిట్టింగుల్లో తేడా కనబడకపోతే ఆ తర్వాతా కనబడేది తక్కువే.

మెడను గబుక్కున తిప్పి విరవడం మాత్రం పూర్తిగా మానుకోవాల్సిందే. మెడ పూసల్లోంచి మెదడుకు పోయే రక్తనాళం చీలి పక్షవాతం రావడం అరుదే, కానీ వస్తే దిద్దుకోలేనిది. బల్ల ఎక్కకముందే 'మెడ జోలికి రావద్దండీ, నడుం వరకే' అని చెప్పేయాలి. సెలూన్లో హెడ్ మసాజ్ చివర మెడ విరిచే అలవాటుకూ ఇదే మాట.

ఇక అసలు సంగతి. సిట్టింగు కొనిపెట్టేది గడువు మాత్రమే: కొన్ని గంటలు, బాగుంటే రెండు మూడు రోజులు. బిగుసుకున్న కండరం సడలి, వంగితే భయం తగ్గే ఆ కాసేపట్లో ఏం చేశామన్నదే ఫలితం. ఇంటికెళ్ళి పడుకుంటే వారానికల్లా మళ్ళీ అదే పట్టు. అదే రోజు సాయంత్రం ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలాంటి చదును చోట 20, 30 నిమిషాలు చేతులు ఊపుతూ నడిచి, మర్నాటి నుంచి వ్యాయామాలు మొదలుపెడితే పట్టు తిరిగొచ్చే గడువు సాగుతూ పోతుంది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ వెన్ను సర్దే చికిత్స ఉంది, వ్యాయామం పక్కన. నడుం బెల్టులు, ట్రాక్షన్ (వెన్నును సాగదీసి లాగి పట్టే పద్ధతి) మామూలుగా వాడొద్దన్నది కూడా అందులోనే.

వ్యాయామాలు మూడూ కెనడాలో వెన్ను మీద పరిశోధన చేసిన స్టువర్ట్ మెక్‌గిల్ ఎంచినవి. మొదటిది: వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండోది చాచి, అరచేతులు రెండూ నడుం వంపు కింద పెట్టి తల, భుజాలు నేల నుంచి కొద్దిగా లేపాలి. గడ్డం ఛాతీకి గుచ్చకూడదు, నడుం చేతుల మీద అదమకూడదు. పూర్తిగా లేచి కూర్చునే సిటప్‌ల వల్ల పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు మీద భారం, వంపు ఒకేసారి పడతాయి; నడుం నొప్పి ఉన్నవాళ్ళు వాటిని వదిలేయాలి. రెండోది: పక్కకు పడుకుని మోచెయ్యి సరిగ్గా భుజం కింద ఉంచి తుంటి పైకెత్తడం. కొత్తలో మోకాళ్ళు మడిచి, వాటి మీదే బరువు మోపాలి. మూడోది: చేతులు, మోకాళ్ళ మీద నిలిచి కుడి చెయ్యి, ఎడమ కాలు చాచడం, తర్వాత మార్చడం. ఇందులో అందరూ కాలు మరీ పైకెత్తి నడుం కుంగదీస్తారు. వీపు కింది భాగాన సగం నీళ్ళున్న స్టీలు గ్లాసు పెట్టుకోండి, తొణికితే కాలు దించాలని అర్థం.

ఒక్కోటీ 8 నుంచి 10 సెకన్లు ఆపి, మొదటి విడత 6 సార్లు, తర్వాత 4, ఆ తర్వాత 2. బలం పెరిగేకొద్దీ పెంచాల్సింది సార్లు, సెకన్లు కాదు. ఎక్కువసేపు బిగబట్టితే కండరం అలిసి నడుం వంకర పోతుంది.

సమయం విషయంలో ఒక మాట. రాత్రంతా పడుకున్న డిస్కు నీరు పీల్చి ఉబ్బి ఉంటుంది, లేచిన మొదటి గంటలో వంగితే దానిమీద ఒత్తిడి బాగా ఎక్కువ. సుప్రభాతం వేళకు లేచి కళ్ళు నులుముకుంటూనే సూర్యనమస్కారాలు చేయడం, వంగి వాకిలి ఊడ్చి ముగ్గెయ్యడం నడుం నొప్పి ఉన్నవాళ్ళకు సరిపడవు. ముందు ఇంట్లో అటూ ఇటూ నడవండి. ముగ్గు పీట మీద కూర్చునైనా పెట్టొచ్చు. 20 లీటర్ల నీళ్ళ క్యాను ఎత్తడం మాత్రం ఏ వేళైనా ఒక్కటే: మోకాళ్ళు మడిచి, పిరుదులు వెనక్కి తోసి, క్యానును పొట్టకు హత్తుకుని లేవాలి. అదే 20 కిలోలు చేతులు చాచి పట్టుకుంటే నడుం మీద భారం ఎన్నో రెట్లు. ఎత్తి అటు తిరగాలంటే పాదాలు తిప్పాలి, నడుం మెలి తిప్పొద్దు.

మెట్ల సంగతికొస్తే, తిరుమల కొండకు నడిచి ఎక్కే అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారి చిన్నది, 2,388. కానీ నిటారు ఎక్కువ. వీటిని చికిత్సగా కాక పరీక్షగా చూడాలి. గుండెకు, పిక్కలకు పని ఎక్కేటప్పుడు. మోకాలిచిప్పకు దెబ్బ దిగేటప్పుడు, ఎందుకంటే తొడ ముందు కండరం సాగుతూ బ్రేకు వెయ్యాలి. నడిచి ఎక్కి బస్సులో దిగడం అందుకే మంచి పద్ధతి. బస్సులో వెనక చక్రాల మీది సీట్లు వదిలేసి మధ్యలో కూర్చోండి, కుదుపు తగ్గుతుంది. సామాను అలిపిరి దగ్గర ఇచ్చేస్తే దేవస్థానం వాళ్ళే కొండమీదికి చేరుస్తారు, కాబట్టి వీపున బ్యాగు అక్కర్లేదు. గాలిగోపురం దాటాక చదును వస్తుంది, అక్కడ కోల్పోయిన టైం రాబట్టాలని పరుగందుకునేవాళ్ళకే పిక్కలు పట్టేస్తాయి. చివర్లో మోకాళ్ళ మెట్టు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ఖాళీ. మోకాళ్ళ మీద ఎక్కే మొక్కు ఉండి చిప్ప వాచి ఉంటే, పెద్దవాళ్ళనడిగి ఒకటి రెండు మెట్లతో సరిపెట్టుకోవడం మంచిది.

కొండకు ఆరేడు వారాల ముందు ఇంటి మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి, రెండో మడమను 3 సెకన్లలో మెల్లగా కింది మెట్టుకు తాకించి లేవాలి. 8 నుంచి 10 సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. మోకాలు లోపలికి వాలకుండా రెండో కాలివేలి దిశలోనే ఉండాలి. నొప్పి 10కి 3 దాకా ఉండి మర్నాటికి తగ్గితే కొనసాగించొచ్చు, తగ్గకపోతే సగానికి దించాలి. ఒక మోకాలే బాధపెడుతుంటే ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. చేతికర్ర నొప్పి మోకాలికి ఎదురు చేతిలో. చాలామంది కర్రను నొప్పి వైపే పట్టుకుని ఆ కాలి మీదికే వాలిపోతుంటారు.

బెల్టుకు ఆ ఒక్క మార్కూ ఎందుకంటే, పట్టేసిన మొదటి రెండు రోజుల్లో ఆటోలో ఆస్పత్రిదాకా కుదుపులు ఓర్చుకోవడానికి పనికొచ్చింది. ఇంట్లో అది గూట్లో ఉండటమే మేలు.