నా పోకర్ లెక్కలు: ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ మూడేళ్లు వాడాక

ఆడిన పోకర్ ఆటల లెక్కలు తీసే ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎదుటివాళ్ల గుట్టు తెలుసుకుందామని కొన్నాను. మూడేళ్లలో ఇది బయటపెట్టింది ఎక్కువగా నా గుట్టే. ఆరుగురు కూర్చునే నో లిమిట్ హోల్డెమ్ (ఎంతైనా బెట్ కట్టగలిగే పోకర్ రకం) ఆన్‌లైన్ టేబుళ్లు, చిన్న స్టేక్స్ (పందేలు), ఇప్పటికి 2 లక్షల 40 వేల హ్యాండ్లు (ముక్కలు పంచిన ప్రతిసారీ ఒక హ్యాండ్) ఇందులోకి ఎక్కించాను. పోకర్‌ట్రాకర్ 4, హోల్డెమ్ మేనేజర్ 3 లాంటివి ఈ కోవలో అందరికీ తెలిసినవే. నేను వాడేదాని పేరు చెప్పడం లేదు. చెప్పబోయేది దేనికైనా వర్తిస్తుంది.

మనం ఆడిన ప్రతి హ్యాండ్‌ వివరాన్నీ సైట్ ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి పెడుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ ఫైళ్లు చదివి డేటాబేస్‌లో వేసుకుని, టేబుల్ మీద ప్రతి ఆటగాడి పేరు పక్కన అంకెలు చూపిస్తుంది. దాన్నే హడ్ అంటారు. బ్లైండ్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా కట్టే పందెం; చిన్నది స్మాల్ బ్లైండ్, దానికి రెట్టింపుది బిగ్ బ్లైండ్) కాకుండా తనంతట తాను డబ్బు పెట్టి నూటికి ఎన్ని హ్యాండ్లు ఆడతాడో చెప్పేది వీపిప్. ఫ్లాప్ (టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) రాకముందే ఎన్నింట్లో రైజ్ చేస్తాడో (పందెం పెంచుతాడో) చెప్పేది పీఎఫ్ఆర్. 45/8 (వీపిప్ 45, పీఎఫ్ఆర్ 8) అని కనిపిస్తే, ‘కాల్ చేసి (ఎదుటి పందెంతో సమానంగా కట్టి) చూద్దాంలే’ అనే మనిషన్నమాట. అతని మీద బ్లఫ్ దండగ.

మొదటి మూడు నెలలూ నా ఆట పాడైంది. ఒక్కో ఆటగాడి పక్కన ఇరవై అంకెలు పెట్టుకుని నాలుగు టేబుళ్లు తెరిచేవాణ్ని. ముక్కలకంటే అంకెలే ఎక్కువ చూసేవాణ్ని. ఒకరోజు ఒకతని పక్కన ‘త్రీబెట్‌కి ఫోల్డ్ 100%’ అని ఉంది, అంటే తను రైజ్ చేశాక ఎవరైనా మళ్లీ పెంచితే (త్రీబెట్) ప్రతిసారీ ముక్కలు పారేస్తాడని (ఫోల్డ్). ఇంకేం, ఏడు-ఆరుతో త్రీబెట్ కొట్టాను, అతను ఆల్ఇన్ (ఉన్నదంతా పందెం) అనేసరికి పాట్‌లో (మధ్యలో పోగైన పందెంలో) ఇంత పెట్టేశాను కదా అని కాల్ చేశాను. అతని దగ్గర రెండు ఆసులు. తర్వాత ఆ అంకె మీద మౌస్ పెడితే తెలిసింది, ఆ 100% మూడంటే మూడు సందర్భాల లెక్క! వీపిప్ వంద, రెండొందల హ్యాండ్లకే ఓ మాదిరిగా కుదురుకుంటుంది గానీ, అరుదుగా జరిగే వాటికి వేలల్లో కావాలి. ఇప్పుడు నా హడ్‌లో నాలుగే అంకెలు, వాటి పక్కన ఎన్ని హ్యాండ్ల లెక్కో.

అసలు లాభం ఆట ముగిశాక వచ్చింది. స్మాల్ బ్లైండ్‌లో కూర్చుని ప్రతి హ్యాండూ పారేస్తే 100 హ్యాండ్లకు 50 బిగ్ బ్లైండ్లు పోతాయి. అంతకంటే తక్కువ పోతే ఆ సీటులో బాగా ఆడినట్టే. అక్కడ నేను రైజ్‌కి కాల్ చేసిన హ్యాండ్లను మాత్రం ఫిల్టర్ చేసి చూస్తే, పోయింది 100కి 93. కళ్లు మూసుకుని పారేసినా మిగిలేది! 2,100 హ్యాండ్ల లెక్కే కాబట్టి దురదృష్టం పాలూ ఉండొచ్చు. అందుకే వంద హ్యాండ్లను రీప్లేయర్‌లో వేసి చూశాను. అన్నింట్లో అదే కథ: చూడ్డానికి బాగుంటాయని ఆసు-పది, రాణి-జాకీ పట్టుకుని కాల్, ఫ్లాప్ తర్వాత ప్రతిసారీ ముందు నేనే మాట్లాడాలి, రెండో బెట్ పడగానే ఫోల్డ్. పైగా ఫ్లాప్ చూసిన పాట్‌లో రేక్ (సైట్ కోసుకునే వాటా) కూడా కడుతున్నాను. ఇప్పుడు అక్కడ త్రీబెట్ లేదా ఫోల్డ్, కాల్ దాదాపు లేదు.

గ్రాఫ్ గురించి ఒక మాట. 40 వేల హ్యాండ్లకు నా గెలుపు 100కి 6 బిగ్ బ్లైండ్లు. తెగ మురిసిపోయాను. లక్ష దాటేసరికి అది 1కి వచ్చింది. ఈ ఆటలో ఊగిసలాట 100 హ్యాండ్లకు 90 బిగ్ బ్లైండ్ల దాకా ఉంటుంది కాబట్టి, 40 వేలకు వచ్చిన సగటు అటూ ఇటూ 9 తేడాగా ఉన్నా ఆశ్చర్యం లేదు. ఆల్ఇన్ ఈవీ గీత (ఆల్ఇన్ అయినప్పుడు గెలిచే అవకాశాన్ని బట్టి సగటున ఎంత రావాలో చూపేది) ఇంకా నిష్ఠూరమైనది. నాకెప్పుడూ రివర్‌లోనే (టేబుల్ మీద తెరిచే చివరి ముక్కలోనే) దెబ్బ పడుతుందని ఏడ్చేవాణ్ని. చూస్తే నా అసలు గీత ఆ గీతకంటే పైనే ఉంది, అంటే ఆల్ఇన్‌లలో అదృష్టం నా వైపే ఉందన్నమాట. (రాజుల జతకి ఆసుల జత ఎదురైన దురదృష్టాన్ని మాత్రం ఆ గీత పట్టించుకోదు.)

చిరాకులూ ఉన్నాయి. డేటాబేస్ పెరిగేకొద్దీ రిపోర్ట్ తెరవడానికి టీ తాగి రావచ్చు. ఒక అప్‌డేట్ తర్వాత హడ్ రెండు రోజులు కనిపించలేదు. ఇంకోసారి డేటాబేసే చెడిపోయింది. ఆ టెక్స్ట్ ఫైళ్లు వేరే డిస్క్‌లో దాచుకోబట్టి మళ్లీ ఎక్కించుకోగలిగాను. కొనేముందు మీ సైట్ నిబంధనలు చదవండి. జీజీపోకర్ బయటి హడ్‌లను ఒప్పుకోదు, పార్టీపోకర్ 2019లో ఆపేసింది. నెలకు రెండు మూడు వేల హ్యాండ్లు ఆడేవాళ్లకు ఈ ఖర్చు దండగ, ఉచిత ట్రయల్ చాలు.

స్మాల్ బ్లైండ్ బాగుపడింది గానీ, రివర్‌లో పెద్ద బెట్‌కి కాల్ చేసిన హ్యాండ్ల ఫిల్టర్ వేస్తే మాత్రం ఇప్పటికీ ఎర్ర అంకెలే. ఎదుటివాడి దగ్గర ఏముందో చూడాలన్న ఆ కుతూహలానికి నెలకు ఎంత కడుతున్నానో పైసాతో సహా చూపిస్తోంది.