కిడ్నీ రాయి: తీయించుకోవడమా, రాకుండా చూసుకోవడమా?

అనంతపురం ఎండలో వేరుశనగ చేలో పనిచేసేవాళ్లకు చెమట ఎక్కువ, మూత్రం తక్కువ. మూత్రం చిక్కబడితే రాయి కడుతుంది.

చిన్న రాయి చాలావరకు దానంతటదే పడిపోతుంది. పెద్దదైతే లేజర్‌తోనో, షాక్ తరంగాలతోనో పగలగొడతారు. నొప్పి పోతుంది, రాయి కట్టే గుణం మాత్రం పోదు. చాలామందికి కొన్నేళ్లకు మళ్లీ వస్తుంది.

రాకుండా చూసుకోవడానికి ఖర్చు లేదు, ఓపిక కావాలి. రోజుకు 2.5 లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగాలి. చేలో ఉండేవాళ్లకు 3 లీటర్ల నీళ్లు కూడా చాలవు. ఉప్పు, ఊరగాయ తగ్గించాలి. నిమ్మరసం మంచిదే, ఉప్పు వేయకుండా. పాలు, పెరుగు మానేయమంటారు చాలామంది, అది తప్పు. వాటిలోని కాల్షియం, రాయి కట్టడానికి కారణమయ్యే ఆక్సలేట్ అనే పదార్థాన్ని పేగులోనే పట్టేసి, మూత్రంలోకి ఎక్కువగా పోనివ్వదు.

నా మొగ్గు రాకుండా చూసుకోవడం వైపే. కానీ నడుము నొప్పితో జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.