ఐడియా అనాలా, థాట్ అనాలా?

"ఆలోచన అంటే ఐడియానా, థాటా? రెండూ ఒకటే కదా?" అని నన్ను చాలామంది అడిగారు. ఇన్నాళ్ళూ "సందర్భాన్ని బట్టి" అని తప్పించుకుంటూ వచ్చాను. ఈమధ్య నాకే ఎదురుదెబ్బ తగిలింది కాబట్టి కాస్త కుదురుగా చెబుతాను.

ఒక వ్యాసం రాసి, చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషులోనే మాట్లాడుతూ పెరిగిన ఒక మిత్రుడికి పంపాను. మెయిల్ చివర "ఎనీ ఐడియాస్?" అని పెట్టాను. ఎలా ఉందో చెబుతాడని నా ఆశ. మర్నాడు ఏడు కొత్త శీర్షికలు, రెండు కొత్త ముగింపులు వచ్చాయి. వ్యాసం బాగుందో లేదో మాత్రం ఒక్క ముక్క లేదు! తప్పు అతనిది కాదు. "ఎనీ ఐడియాస్?" అంటే "నీకేమైనా తోస్తే చెప్పు" అని. నేను అడగాల్సింది "ఎనీ థాట్స్?" అని. అంటే "చదివావుగా, ఏమనుకుంటున్నావు?" అని.

అసలు తికమక మన 'ఆలోచన' అన్న మాటలోనే ఉంది. బుర్రలో తిరిగేదీ ఆలోచనే, బుర్రకు తట్టేదీ ఆలోచనే. ఇంగ్లీషులో ఈ రెండింటికీ వేర్వేరు మాటలున్నాయి. థాట్‌ది థింక్ అనే క్రియ కుటుంబం. అందుకే అందులో ఆలోచించే పని ఇంకా నడుస్తూనే ఉన్నట్టుంటుంది. "లాస్ట్ ఇన్ థాట్" అంటే ఆలోచనలో మునిగిపోయి ఉన్నాడని. అక్కడ థాట్ ముందు 'ఎ' కూడా ఉండదు, నీళ్ళలాగా అదీ లెక్కకు రాదు. "లాస్ట్ ఇన్ ఐడియా" అని ఎవరూ అనరు. ఐడియా అంటే ఒకటో రెండో, విడిగా చేతికి దొరికేది.

నా మటుకు నేను నమ్ముకున్న పరీక్ష ఒకటే. ముందు ఆ మాటను తెలుగులో అనుకుని, ఏ క్రియ వస్తుందో చూడండి. 'తట్టింది', 'మెరిసింది' అతికితే ఐడియా. 'అనిపిస్తోంది', 'మెదులుతోంది' వస్తే థాట్. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసేసుకున్నారనుకోండి. కిటికీలోంచి కర్ర దూర్చి దాన్ని లాగుదామని తట్టింది. అది ఐడియా. ఈలోగా, స్టవ్ కట్టేశానో లేదో అని మనసు పీకుతోంది. అది థాట్. మొదటిదాన్ని పక్కవాళ్ళకు చెబితే వాళ్ళు కర్ర తెస్తారు. రెండోది చెబితే వాళ్ళకూ టెన్షనే.

ఈ పరీక్షకు లొంగనిది ఒకటుంది: "ఐ హావ్ నో ఐడియా". అంటే నాకు ఆలోచన లేదని కాదు, నాకసలు తెలియదని. మనం కూడా "దాని మీద నాకు కొంచెం ఐడియా ఉంది" అంటాం కదా, అదీ తెలియడమే. ఇక్కడ థాట్ పెడితే అర్థం చెడుతుంది. ఈ తెలియడం ఎక్కడిదో మాట పుట్టుక చూస్తే అర్థమవుతుంది. గ్రీకులో ఐడియా అంటే కంటికి కనబడే రూపం. చూడడం అనే ధాతువు నుంచి వచ్చింది. లాటిన్‌లో 'చూస్తున్నాను' అని చెప్పే వీడియో, సంస్కృతంలో విద్య, వేదం అన్నీ ఆ వేరు నుంచి పుట్టినవే. చూసినది తెలిసినట్టే లెక్క. సరదా ఏమిటంటే మన ఆలోచనలోనూ ఓ లోచనం, అంటే కన్ను, దాక్కుని ఉంది.

మనవాళ్ళు తరచూ చేసే పొరపాటు ఇంకోటి. 'కారు కొనాలనే ఆలోచన ఉంది' అన్నదాన్ని ఉన్నదున్నట్టు "ఐ హావ్ యాన్ ఐడియా టు బయ్ ఎ కార్" అనేస్తారు. ఉద్దేశం చెప్పేటప్పుడు నామవాచకం జోలికే పోవద్దు. "ఐ యామ్ థింకింగ్ ఆఫ్ బయింగ్ ఎ కార్" అంటే చాలు.

రెండింట్లో నా మొగ్గు ఎటో దాచను. మనం థాట్‌ని బాగా తక్కువ వాడుతున్నాం. అందులో ఓ మెత్తదనం ఉంది. ఎదుటివాళ్ళ ప్లాన్‌లో లోపం కనిపిస్తే మన మాట చెప్పి, చివర "జస్ట్ ఎ థాట్" అని తగిలిస్తే "నాకు అనిపించింది చెప్పాను, పాటించాలనేం లేదు" అన్నట్టు ఉంటుంది. ఎవరైనా సాయం చేస్తామన్నా, మనకు ఆ సాయం అక్కర్లేకపోతే "థాంక్స్ ఫర్ ది థాట్" అనొచ్చు. అంత మాట అన్నారు, అదే చాలు అని. ఆ చోట ఐడియా పెడితే వాళ్ళిచ్చిన సలహాకు థాంక్స్ చెప్పినట్టు అయిపోతుంది.

బహువచనంలో మాత్రం ఒక మెలిక. "ఐ యామ్ హావింగ్ సెకండ్ థాట్స్" అంటే రెండోసారి ఆలోచిస్తున్నానని ఊరికే చెప్పడం కాదు, వెనకాడుతున్నానని. ఒప్పుకున్న పనికి సంబంధించి అన్నారంటే అవతలివాళ్ళు కంగారు పడతారు, చూసి వాడండి.

ఒపీనియన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అభిప్రాయం ఖాయమయ్యాక వాడే మాట. నోషన్‌లో కొంచెం 'ఏదో అపోహ' అనే వాసన ఉంటుంది. కాన్సెప్ట్‌ని పాఠాలకు, డిజైన్లకు వదిలేయండి.

అన్నట్టు, ఆ ఏడు శీర్షికల్లో మూడోదాన్ని నా వ్యాసానికి పెట్టేసుకున్నాను. వ్యాసం మీద అతని థాట్స్ ఏమిటో అడిగే ధైర్యం మాత్రం ఇంకా రాలేదు.