భూగర్భజలాల మ్యాప్‌కు ఏది మేలు: పీజోమీటరా, కాలనీ బోరా, శాటిలైటా?

హైదరాబాద్‌లో నీళ్లు ఎక్కడ ఎంత కిందికి పోయాయో మ్యాప్ గీయాలనుకునేవాళ్లకు శాటిలైట్ డేటా చూడగానే ఆశ పుడుతుంది. ఉచితం, తిరగక్కర్లేదు. 2002లో ఎగిరిన గ్రేస్ జంట ఉపగ్రహాలు, 2018 నుంచి వాటి స్థానంలో తిరుగుతున్న జంట, భూమి ఆకర్షణలో మార్పులను బట్టి నీటి బరువు లెక్క కడతాయి. 2002-2008 మధ్య రాజస్థాన్, పంజాబ్, హర్యానా, ఢిల్లీల కింద 109 ఘనపు కిలోమీటర్ల నీరు పోయిందని తేల్చింది ఆ డేటాతోనే. కానీ వాటి చూపు సుమారు మూడు వందల కిలోమీటర్లకు తక్కువైతే ఆనదు. మియాపూర్‌కీ ఎల్బీ నగర్‌కీ తేడా చెప్పమంటే వాటి వల్ల కాదు. కృష్ణా బేసిన్ మొత్తం గురించైతే వాడండి, కాలనీల గురించైతే వదిలేయండి.

అసలు పోటీ పీజోమీటరుకీ ఇళ్ల బోరుకీ మధ్యే.

పీజోమీటరంటే కొలవడానికే వేసిన బోరు. మోటారు ఉండదు కాబట్టి అందులో కనిపించేది నిలకడ మట్టం. రాష్ట్ర భూగర్భ జల శాఖ నెలనెలా రీడింగ్ తీస్తుంది, ఏళ్ల తరబడి రికార్డు ఉంటుంది. లోటల్లా, అవి దూరదూరంగా ఉండటం. మధ్య ఖాళీలను సాఫ్ట్‌వేర్ నున్నగా రంగులతో నింపేస్తుంది. గంగా మైదానం ఇసుకలో అది చెల్లుతుందేమో గానీ ఇక్కడ కింద ఉన్నది గ్రానైట్. పైన కొన్ని మీటర్ల మొరం, దాని కింద పగుళ్లు. ఒకింట్లో బోరు పోస్తుంటే పక్కింట్లో దుమ్ము లేస్తుంది.

అందుకే ఇళ్ల బోర్లు కావాలి. మహేశ్వరం దగ్గర సుమారు 53 చదరపు కిలోమీటర్ల పరీవాహకంలో ఎన్‌జీఆర్ఐ (హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు రైతుల బోర్లలో కూడా మట్టాలు కొలిచారు. అయితే సిటీలో ఎవర్ని అడిగినా "మాది వెయ్యి ఫీట్లు సార్" అంటారు. అది తవ్విన లోతు, నీటిమట్టం కాదు. ఈ రెండూ కలిపేసిన మ్యాపులు చాలానే చూశాను, ఎంత అందంగా ఉన్నా పనికిరావు.

ఇంకో చిక్కు. ఈ రాతి పొరల్లో నీరు నిలిచే చోటు బాగా తక్కువ. మొరంలో నూటికి ఒకటిన్నర వంతు నీరు వదులుతుందనుకుంటే, మట్టం ఒక మీటరు దిగితే పోయింది 15 మిల్లీమీటర్ల నీరే. ఒక్క మంచి వాన దాన్ని పైకి తెచ్చేస్తుంది. మట్టం మొరం దాటి పగుళ్లలోకి జారిందా, అక్కడ నిల్వ ఇంకా తక్కువ కనుక చకచకా దిగిపోతుంది. కరువు నాటి 2016 మే పక్కన 2020 వరదల తర్వాతి నవంబర్ పెట్టి "నీళ్లు పెరిగాయి" అంటే అది వానాకాలం గొప్పే. మేకి మే, నవంబర్‌కి నవంబర్, అదీ పదేళ్ల సగటుతో పోల్చాలి.

నా ఓటు పీజోమీటర్లకే. తగ్గుదల ఎంతో అవి చెప్పాలి, ఆ తగ్గుదల ఏ వీధిలో ఎక్కువో బోర్లు చెప్పాలి. బోర్లు కొలిచేటప్పుడు ముందురాత్రే వాచ్‌మన్‌తో చెప్పి మోటారు ఆపించి, తెల్లవారుజామున, ట్యాంకు నింపకముందే వెళ్లండి. నీటిమట్టం కొలిచే టేపును బోర్లోకి దింపి, అది నీటిని తాకి బీప్ అనగానే రీడింగ్ రాసుకుని, నేల పైకి ఉన్న కేసింగ్ పైపు ఎత్తు అందులోంచి తీసేయండి. మూత బోల్టులతో బిగించి, టేపు దిగే సందు లేని బోరైతే దాన్ని వదిలేసి పక్క వీధికి పోవడమే. ఓనర్ నోటిమాట మీద మాత్రం అంకె వేయొద్దు.