సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా: ఇంట్లో ఉండే పిల్లలకు ఏ ఫోన్ మేలు?

బడి బస్సు మా అపార్ట్‌మెంటు గేటు ముందు ఆగేది నాలుగింటికి. నేను ఖైరతాబాద్‌లో ఆఫీసు ముగించుకొని, మెట్రో ఎక్కి, జేఎన్‌టీయూ స్టేషన్లో దిగి, షేర్ ఆటోలో నిజాంపేట రోడ్డు దాటుకొని ఇల్లు చేరేది ఏడింటికి. మధ్యలోని ఆ మూడు గంటలూ ఆరో తరగతి చదివే అబ్బాయి, మూడో తరగతి చదివే అమ్మాయి ఇంట్లో ఇద్దరే ఉంటారు. ఎదురింటి పిన్నిగారు ఒక కన్ను వేసి ఉంచుతారు గాని, ఆవిడకూ మోకాళ్ల నొప్పులున్నాయి, నాలుగున్నరకు సీరియల్ ఉంది. అత్తగారు మా దగ్గర ఉండే ఆరు నెలలూ ఈ చింతే ఉండదు. ఆవిడ మా మరిదిగారింటికి బయలుదేరిన మర్నాటి నుంచి, పిల్లలకు నాకు మధ్య మాట నడవడానికి ఇంట్లో ఏం పెట్టాలన్న ప్రశ్న మొదలవుతుంది.

గడచిన రెండేళ్లలో నాలుగు మార్గాలూ వాడి చూశాను: సిమ్ వేసుకునే జీపీఎస్ గడియారం, నా పాత స్మార్ట్‌ఫోన్, కీప్యాడ్ ఫోన్, ఇంటర్నెట్ కనెక్షన్‌తో వచ్చే ల్యాండ్‌లైన్. నాకు కావలసినవి మూడే. పిల్లలు ఇల్లు చేరినట్టు కబురు అందాలి, అవసరం పడితే ఇరువైపులా మాట్లాడుకోగలగాలి, నేను వచ్చేలోపు ఆ వస్తువు వాళ్ల సాయంత్రాన్ని మింగేయకూడదు. ధరల తేడా ఎలాగూ ఉంటుంది గాని, ఈ మూడో షరతు దగ్గరే అసలు తేడా తేలుతుంది.

మొదట కొన్నది గడియారం. తల్లి మనసుకు అన్నిటికంటే త్వరగా నచ్చేది అదే, ఎందుకంటే పటం మీద ఒక చుక్క కనిపిస్తుంది, ఆ చుక్కే మన బిడ్డ. నాలుగు వేలకు కాస్త తక్కువకు దొరికింది. బడిలో దానిని అనుమతించకపోతే సంచీలో పెట్టి పంపేదాన్ని, బస్సు ఎక్కగానే పెట్టుకోమనేదాన్ని. జూలైలో ఒక సాయంత్రం వాన దంచికొట్టింది, బస్సు నాలుగున్నరకూ రాలేదు. ఆఫీసులో ఆప్ తెరిచి చూస్తే చుక్క ప్రగతినగర్ చెరువు నడిమధ్యన ఉంది. ఆ క్షణంలో నా కాళ్ల కింద నేల ఉందో లేదో నాకు తెలియలేదు. బస్సు డ్రైవరుకు ఫోన్ చేస్తే, నీళ్లు నిలిచిన రోడ్డు మీద చెరువు పక్కనే ఆగి ఉన్నామని, పిల్లలు పాటలు పాడుకుంటున్నారని చెప్పాడు. తరువాత తీరిగ్గా చూస్తే ఆ చుక్క కింద సన్నటి అక్షరాలలో, ఆ స్థానం ఇరవై రెండు నిమిషాల కిందటిదని రాసి ఉంది.

ఇది నేను కొన్న గడియారానికి మాత్రమే పట్టిన లోపం కాదు. ఉపగ్రహాల నుంచి వచ్చే జీపీఎస్ సంకేతం చాలా బలహీనమైనది. బస్సు పైకప్పు కింద, కాంక్రీటు మేడల మధ్య అది సరిగా అందనప్పుడు ఇలాంటి గడియారాలు దగ్గరలోని సెల్ టవర్ ఆధారంగా స్థానాన్ని అంచనా కడతాయి, ఆ అంచనా వందల మీటర్లు తప్పవచ్చు. పైగా బొటనవేలంత బ్యాటరీ సాయంత్రం దాకా నిలవాలంటే అది క్షణక్షణం స్థానం పంపలేదు, కొన్ని నిమిషాలకొకసారి పంపుతుంది. కొనేముందు చూసుకోవలసినది మరొకటి ఉంది. తక్కువ ధర గడియారాలలో కొన్ని 2జీ మీదే పనిచేస్తాయి, జియోకు 2జీ నెట్‌వర్కే లేదు కనుక ఆ సిమ్ వాటిలో పలకదు. 4జీ అని పెట్టె మీద స్పష్టంగా ఉంటేనే తీసుకోవాలి.

గడియారాలలో నన్ను ఇంకా ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి వేరే ఉంది. కొన్నిటిలో, పిల్లలకు తెలియకుండానే వాళ్ల చుట్టూ జరుగుతున్న మాటలను తల్లిదండ్రులు తమ ఫోన్లో వినవచ్చు. అమ్మేవాళ్లు దీనిని సుగుణంగానే వర్ణిస్తారు. ఇలా రహస్యంగా వినే సౌకర్యం ఉన్న పిల్లల గడియారాలను జర్మనీ టెలికాం నియంత్రణ సంస్థ 2017 నవంబరులో నిషేధించింది. నా బిడ్డ చేతికి ఉన్న గడియారం పక్క సీటు పిల్ల మాటలను, పాఠం చెప్పే టీచరుగారి మాటలను కూడా నాకు చేరవేస్తుందంటే, అది వాళ్ల అనుమతి లేకుండా జరుగుతున్న పనే. మన దేశంలోనూ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కించి, వాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల నుంచి ధ్రువీకరించదగిన అనుమతి ఉండాలని చెబుతోంది. ఆప్‌లో ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కేముందు ఈ మాట గుర్తుంటే మంచిది. దారి తప్పిపోయే స్వభావం ఉన్న పిల్లలకు, మాటలు సరిగా రాని పిల్లలకు గడియారం ఎంతో మేలు చేయవచ్చు, అక్కడ నా అభిప్రాయం వేరు. మా ఇంటి అవసరానికి మాత్రం అది నాకు కబురు కంటే కంగారునే ఎక్కువగా ఇచ్చింది.

గడియారం తరువాత నా పాత స్మార్ట్‌ఫోన్ బయటకు వచ్చింది. ఖర్చు లేదు, ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్లో కొత్త బ్యాటరీ వేయిస్తే అయిపోయింది. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇక్కడే జరుగుతుంది: అమ్మ వాడిన ఫోన్‌ను అమ్మ గూగుల్ ఖాతాతోనే, అమ్మ ఈమెయిల్‌తోనే, అమ్మ ఫొటోలతోనే పిల్లల చేతిలో పెట్టేస్తారు. అలా కాక, ఫోన్‌ను పూర్తిగా చెరిపేసి కొత్తదానిలా చేసి, బిడ్డ పేరిట వేరే ఖాతా తెరిచి, గూగుల్ ఫ్యామిలీ లింక్ ద్వారా దానిని మన ఫోన్‌కు జతచేయాలి. అప్పుడు రోజుకు ఎంతసేపు వాడవచ్చో, రాత్రి ఎన్నింటికి మూతపడాలో, ఏ ఆప్ దించుకోవచ్చో అన్నీ మన చేతిలో ఉంటాయి. ఫోన్ ఎక్కడుందో కూడా కనిపిస్తుంది. ఐఫోన్ ఉన్నవాళ్లకు 2018 నుంచి స్క్రీన్ టైమ్ అనే అమరిక ఇదే పని చేస్తోంది. ఒక జాగ్రత్త తప్పనిసరి: కాల్ చేసే ఆప్‌ను ఎల్లప్పుడూ అనుమతించే జాబితాలో చేర్చారో లేదో చూసుకోవాలి, లేకపోతే రోజు గడువు అయిపోయాక బిడ్డ మనకు ఫోన్ చేయబోతే తాళం వేసిన తెర ఎదురవుతుంది.

ఇన్ని అమర్చినా, నాలుగు మార్గాలలో నన్ను ఎక్కువగా అలిసిపోయేలా చేసింది స్మార్ట్‌ఫోనే. ఆఫీసులో సమావేశం మధ్యలో నా ఫోన్ గుయ్‌మంటుంది, చూస్తే మా అబ్బాయి ఏదో కార్ల ఆటకు అనుమతి అడుగుతూ ఉంటాడు. కాదంటే మరో ఐదు నిమిషాలకు ఇంకో ఆట వస్తుంది. ఒకరోజు ‘గంట కాదమ్మా, గంటన్నర’ అన్న బేరం అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా నడిచింది. ఐదు నుంచి పదేళ్ల పిల్లలకు తెర ముందు గడిపే సమయం రోజుకు రెండు గంటలు మించకూడదని పిల్లల వైద్యుల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. మేము ఆ లెక్కను పాటించాం గాని, ఆ రెండు గంటలూ నేను లేని సమయంలోనే ఖర్చయిపోయేవి. నేను వచ్చేసరికి ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉండేవి, టిఫిన్ డబ్బాలు సంచీలోంచి బయటికే వచ్చేవి కావు.

అలాగని స్మార్ట్‌ఫోన్‌కు ఇంట్లో చోటు లేదని అనను. తెలంగాణ పాఠ్యపుస్తకాలలో అచ్చయిన క్యూఆర్ కోడ్‌ను ప్రభుత్వ విద్యా ఆప్ అయిన దీక్షతో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు వస్తాయి. మా చిన్నది గూగుల్ వారి రీడ్ అలాంగ్ ఆప్‌లో తెలుగు కథలు పైకి చదివి, పలుకు తప్పినచోట మళ్లీ చదువుతుంది. యూట్యూబ్ కిడ్స్‌లో మనం ఎంచిన వీడియోలు మాత్రమే కనిపించేలా, వెతికే వీలు లేకుండా చేసే అమరిక ఉంది, అది చాలామంది తల్లుల కంట పడదు. ఇవన్నీ మంచివే, కానీ ఇవన్నీ నేను వంటగదిలో కూర తరుగుతూ వింటూ ఉండగా ఏడున్నరకు జరగవలసిన పనులు. నాలుగింటికి, ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేనప్పుడు, కాదు.

కీప్యాడ్ ఫోన్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 4జీ కీప్యాడ్ ఫోన్లు రెండు వేల రూపాయలలోపే దొరుకుతాయి, జియోభారత్ 2023లో 999 రూపాయలకు వచ్చింది. ఒకసారి ఛార్జి చేస్తే రోజుల తరబడి ఉంటుంది, కింద పడినా పగలదు. డేటా లేకుండా కాల్స్‌కు, మెసేజ్‌లకు మాత్రమే రీఛార్జి చేసుకొనే పథకాలు ఉండి తీరాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది కనుక, వాడని ఇంటర్నెట్‌కు డబ్బు కట్టే బాధ కూడా తప్పింది. ఎక్కువమందికి తెలియని సంగతి ఇంకొకటి: 2016 నాటి నిబంధనల ప్రకారం కీప్యాడ్ ఫోన్లలో 5 లేదా 9 అంకెను కాసేపు నొక్కి పట్టుకుంటే అత్యవసర సేవకు కాల్ వెళ్లాలి. మీ ఫోన్లో ఏ అంకె అన్నది దానితో వచ్చిన పుస్తకంలో చూసి పిల్లలకు చెప్పండి. చెప్పకపోతే పాముల ఆట ఆడుతూ పోలీసులను పిలిచే ప్రమాదమూ ఉంది.

దీనితో వచ్చిన చిక్కు ఒక్కటే. అబ్బాయి సంచీలో ఉండే ఫోన్ కనుక అది అబ్బాయిదైపోయింది. చెల్లెలు అడిగితే ఇవ్వడు, మంచం కింద మరిచిపోతాడు, ఆదివారం ఛార్జి చూసుకోక సోమవారం సాయంత్రం ‘స్విచాఫ్’ అని వినిపిస్తుంది. తెలియని నంబర్ల నుంచి వచ్చే కాల్స్‌ను వడకట్టే ఏర్పాటు కూడా చవక ఫోన్లలో సాధారణంగా ఉండదు. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామంటూ ఓటీపీ అడిగే మనిషి మాటకు, పన్నెండేళ్ల పిల్లవాడు మర్యాదగా సమాధానం చెబుతాడు.

ఇక ల్యాండ్‌లైన్. ఇది నా తలకు తట్టినది కాదు, అత్తగారు ఫోన్లో అన్న మాట: ‘ఇంటికి ఒక ఫోను ఉండేదమ్మా, మనుషులకు కాదు.’ వెళ్లి చూస్తే మా ఫైబర్ ఇంటర్నెట్ మోడెం వెనుక ఫోన్ తీగ పెట్టే రంధ్రం ఏళ్లుగా ఖాళీగానే ఉంది. చాలా ఫైబర్ కనెక్షన్లలో ల్యాండ్‌లైన్ సౌకర్యం అదనపు అద్దె లేకుండానే వస్తుంది, నంబరు కోసం ఒకసారి అడగాలి, ఫోన్ పరికరం మాత్రం మనం కొనుక్కోవాలి. ఒక వారంలో 040తో మొదలయ్యే నంబరు మా ఇంటికి వచ్చింది.

ఆ ఫోన్ హాల్లో, షూ స్టాండు పైన ఉంటుంది. దాని పైన గోడకు మా అమ్మాయి ఎర్ర స్కెచ్‌పెన్నుతో రాసిన కాగితం అంటించాం: మొదట అమ్మ, తరువాత నాన్న, ఎదురింటి అమ్మమ్మ, వాచ్‌మన్ అంకుల్, ఆ కింద అత్యవసరానికి 112, అన్నిటికంటే అడుగున పిల్లల సహాయానికి ఉన్న 1098. పేరు నొక్కితే కాల్ వెళ్లే సదుపాయం లేకపోవడం మాకు కలిసొచ్చింది; రోజూ ముందు సున్నా, ఆపై పది అంకెలు నొక్కీ నొక్కీ నెల తిరిగేసరికి ఇద్దరికీ నా నంబరు కంఠతా వచ్చింది. స్మార్ట్‌ఫోన్ ఉన్న ఏడాదిలో అది ఒక్కరికీ రాలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ ఫోన్ నుంచి కాల్ వచ్చిందంటే పిల్లలు ఇంట్లో ఉన్నట్టే. పటమూ చుక్కా చూపలేని ఖచ్చితత్వం, 040 నంబరు నా తెర మీద వెలిగినప్పుడు దొరుకుతోంది. నాలుగూ ఐదుకు ‘అమ్మా, వచ్చేశాం, పాలు తాగాలా?’ అన్న ఒక్క కాల్‌తో నా సగం చింత తీరుతుంది.

లోపం లేదా అంటే, ఉంది. పాత రోజుల రాగి తీగ ల్యాండ్‌లైన్ ఇంట్లో కరెంటు పోయినా మోగేది; ఫైబర్ మీద నడిచే ఫోన్ మోడెంతో పాటే ఆరిపోతుంది. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో మోడెం ప్లగ్గును ఆ లైనులోకి మార్పించాలి, లేదంటే మోడెం కోసమే చేసిన చిన్న యూపీఎస్ కొనుక్కోవాలి. వానాకాలంలో చెట్టు కొమ్మ పడి కేబుల్ తెగితే మాత్రం చేయగలిగింది లేదు. ఇంటి గడప దాటాక అది దేనికీ పనికిరాదన్నది చెప్పనే అక్కరలేదు.

అందుకే మా ఇంట్లో చివరికి రెండు మిగిలాయి. నాలుగు నుంచి ఏడు దాకా ల్యాండ్‌లైన్. మంగళ, శుక్రవారాలలో అబ్బాయి కరాటే క్లాసుకు వెళ్లేటప్పుడు మాత్రం కీప్యాడ్ ఫోన్, అదీ తిరిగి రాగానే ల్యాండ్‌లైన్ పక్కనే ఛార్జింగులో ఉండాలి. దానిలోని సిమ్ నా పేరు మీదే ఉంది, మైనర్లకు సిమ్ అమ్మకూడదని టెలికాం శాఖ 2021లోనే స్పష్టం చేసింది కనుక మరో దారి కూడా లేదు. ఆ సిమ్‌ను ఏ బ్యాంకు ఖాతాకూ, ఏ యూపీఐకీ జతచేయలేదు, మీరూ చేయవద్దు. స్మార్ట్‌ఫోన్ నా బీరువాలో ఉంటుంది, ఏడున్నరకు బయటికి వస్తుంది. ఒక్క బిడ్డే ఉండి, ఇల్లూ బడీ నడక దూరంలో ఉన్నవాళ్లకు కీప్యాడ్ ఫోన్ ఒక్కటే చాలవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు ఉండి చదువు కోసమే వస్తువు కావలసినవాళ్లకు ఫ్యామిలీ లింక్ అమర్చిన పాత స్మార్ట్‌ఫోన్ బాగానే పనికొస్తుంది.

మా అబ్బాయి దసరా సెలవుల నుంచి కార్డ్‌లెస్ ఫోన్ కొనమని అడుగుతున్నాడు, తీగ ఉంటే బాల్కనీలో నిలబడి మాట్లాడటం కుదరడం లేదట. బాల్కనీలో నిలబడి ఎవరితో మాట్లాడాలో అడిగితే జవాబు రాలేదు. ప్రస్తుతానికి మూడు మీటర్ల తీగ కొనిచ్చాను. అది సోఫా దాకా వస్తుంది.